నూట అరవయ్యా, ఎనభై రెండా

పోయిన ఎండాకాలం మంచిర్యాల బస్టాండు బయట ఒక ఇసుక లారీ ముందరి జాలీలోంచి బుసబుసమని ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. డ్రైవరు పిల్లవాడు దూరంగా నిలబడి ఫోనులో ఎవరి మీదనో అరుస్తున్నాడు, దారిన పోయేవాళ్లు ముక్కులకు కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుని తప్పుకుపోతున్నారు. నేను మాత్రం ఎక్కవలసిన బస్సు సంగతి మరిచిపోయి, మల్లెపందిరి కింద నిలబడ్డదానిలా ఆ వాసన పీలుస్తూ ఉండిపోయాను. తుప్పు నీళ్లు మరిగిన వాసన, సెగ తగిలిన రబ్బరు గొట్టం వాసన, కాలే ఇనుము మీద పడ్డ దుమ్ము వాసన, ఈ మూడూ కలిస్తే నాకు మా మందమర్రి ఇల్లే. డెబ్బై దాటిన ఆడమనిషి లారీ ముందు నిలబడి కళ్లు మూసుకుందేమిటని జనం వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

మందమర్రిలో మా ఇల్లు కార్మికుల కాలనీకి చివర, బొగ్గు పొడి పడి నల్లబడిన మట్టిదారి పక్కన ఉండేది. తెల్లవారకముందే గని కూత వినిపించేది, ఆ కూతకే మా అవ్వ, అంటే అమ్మ, లేచి వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసి, దాని మీద అంబలికుండ పెట్టి, పొగ తగ్గేదాకా విసనకర్రతో విసురుతూ కూర్చునేది. ఇంటి ముందర, మిగతా వాళ్ల ఇళ్లల్లో బర్రెనో ఎడ్లనో కట్టేసే చోట, మా లారీ నిలబడేది. యుద్ధంలో వాడి వదిలేసిన మిలిటరీ బండి అది, వేలంలో కొన్న వాళ్ల దగ్గర మా నాన్న, మా బాపు, కొన్నాడు. పొడుగాటి ముక్కు, పైన వేసిన నీలం రంగు గీసుకుపోయిన చోటల్లా కింద నాచురంగు, తలుపు మీద తుడిచినా పోని తెల్ల నక్షత్రం. ఆ నక్షత్రం ఏ దేశానిదో, ఏ ఊళ్ల మీదుగా తిరిగి వచ్చిందో అని నేను గంటలకొద్దీ ఆలోచించేదాన్ని. మా వీధి పిల్లలు చిర్రగోనె ఆడుతుంటే, నేను లారీ కింద దూరి, ఏ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో వేలితో వెంబడించుకుంటూ పోయేదాన్ని. ఆడపిల్లకు ఇదేం ఆటని అవ్వ తిట్టేది, బాపు నవ్వేవాడు.

వారానికి రెండుసార్లు బాపు ఆసిఫాబాద్ అవతలి గుట్టల మీదికి పోయేవాడు. పోయేటప్పుడు అక్కడి అంగళ్లకు ఉప్పు బస్తాలు, దీపాలకు గ్యాసునూనె డబ్బాలు, జొన్నలు. వచ్చేటప్పుడు బొగ్గు గనుల్లో పైకప్పుకు ఆసరా పెట్టే కర్రదుంగలు. దుంగల మీద ఎప్పుడూ మాకోసం ఏదో ఒకటి ఉండేది. బతుకమ్మ పండుగ వెళ్లినాక సీతాఫలాలు, చలి ముదిరితే రేగుపండ్లు, మోదుగు చెట్లు ఎర్రగా పూసే రోజుల్లో ఒక గుడ్డమూట నిండా ఇప్పపువ్వు. ఇప్పపువ్వును అవ్వ దోరగా వేయించి, నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచి ఉండలు కట్టేది, ఆ తియ్యటి మత్తువాసన రెండు రోజులు మా బట్టలను వదిలేది కాదు. పండు తింటూ నేను బాపును ప్రశ్నలతో చంపేదాన్ని. గుట్ట ఎంత ఎత్తు, బండి ఎందుకు మూలుగుతుంది, నీళ్లు తాగేది ఎద్దు గదా, లారీకి నీళ్లెందుకు. విసుక్కోకుండా తెలిసింది చెప్పేవాడు, తెలియనిది ఖాదర్ చిచ్చాను అడగమనేవాడు.

బాపుకు భయమంటూ ఉంటే అది ఒక్క బాయి అంటేనే. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. పెళ్లి కాకముందు బాపు నలభై రోజులు బాయిలో పని చేశాడట. ఒకనాడు పక్కనే పైకప్పు కూలి, బయటికి దారి దొరికేదాకా ఒక పూటంతా చీకట్లో నిలబడి ఉన్నాడట. ఆ తర్వాత మళ్లీ దిగలేదు. ఇంట్లో కూడా తలుపు వేసుకుని పడుకునేవాడు కాదు, ఎముకలు కొరికే చలిలో కూడా మంచం వాకిట్లోనే. తోటివాళ్లు పక్కా కొలువులు చేసుకుంటుంటే ఈ పాత డొక్కు పట్టుకుని వేలాడుతున్నాడని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్లు.

ఇక ఖాదర్ చిచ్చా. మసీదు పక్కన రేకుల షెడ్డులో లారీలు బాగుచేసేవాడు. గడ్డం మీద ఎప్పుడూ గ్రీజు మరక, నోట్లో సగం తెలుగు, సగం ఉర్దూ. పీర్ల పండుగకు మా ఇంటికి మలీద పంపేవాడు. ఇంజనులోంచి వేడినీళ్లు బయటికి వచ్చే మూతిలో థర్మోస్టాట్ అని ఇత్తడి డిబ్బీ ఒకటి ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉండి, నీళ్లు తగినంత వేడెక్కగానే తనంతట తానే తెరుచుకుని, నీళ్లను చల్లార్చే జాలీకి, అంటే రేడియేటరుకు, దారి ఇస్తుంది. చిచ్చా దాన్ని వాల్ అనేవాడు. మా వైపు ఏ మెకానిక్కు చేతికి లారీ వచ్చినా మొదట చేసే పని ఆ వాల్ పీకి అవతల పారెయ్యడమే. ఇంత ఎండల్లో నీళ్లకు అడ్డం తలుపెందుకని వాళ్ల వాదం. మా లారీది కూడా అట్లాగే ఎప్పుడో పోయింది.

ఎండాకాలం బాగానే ఉండేది. చిక్కంతా చలికాలంలో. ఆదిలాబాద్ అడవుల చలి ఎట్లాంటిదో పడ్డవాళ్లకే తెలుసు, తొట్టిలో నీళ్ల మీద చెయ్యి పెడితే కొంకర్లు పోయేది. వాల్ లేని ఇంజను ఎంత దూరం పోయినా వేడెక్కక, దగ్గుతూ, నల్లపొగ వదులుతూ, పెట్రోలు తాగుతూ నడిచేది. అందుకని డ్రైవర్లంతా జాలీ ముందర గోనెసంచి కట్టి, గుట్ట మొదట్లో విప్పేసేవాళ్లు. మా లారీకి ఆ సంచి కట్టే పని అవ్వది. అవ్వ కరీంనగర్ వైపు సాలెల ఇంటి పిల్ల, తెగిన పోగును ముడేస్తే మళ్లీ తెగేది పోగే గాని ముడి కాదు. ఆ చలికాలం ఒక తెల్లవారుజామున, దారిలో సంచి ఎగిరిపోతుందేమోనని, అవ్వ దాన్ని ఆ సాలెముడితోనే కట్టింది. గుట్ట కింద బాపు విప్పబోతే, చలికి మొద్దుబారిన వేళ్లకు ముడి లొంగలేదు. జర పైకి పోయినంక విప్పుదాంలే అనుకుని ఎక్కించాడు. సగం గుట్టలో ఇంజను కుతకుత ఉడికి, ఠప్పుమని చప్పుడై ఆగిపోయింది. సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇంజను తల పగిలింది.

ఇంకొక లారీకి కట్టి లాక్కొచ్చిన బండిని ఖాదర్ చిచ్చా నాలుగు రోజులు విప్పి, అతికి, మళ్లీ బిగించాడు. ఆ చివరి సాయంత్రం మా వాకిట్లో చాయ్ తాగుతూ చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"భాయ్, అతికిన గని, గిది అతుకే. ఇంకొక్కసారి నీళ్లు ఉడికినయంటే బండి ఖతం. గిసుంటి తలకాయ బంబైల గూడ దొరకదు."

బాపు గ్లాసు కింద పెట్టాడు. "గట్లయితే ఇగ బాయే" అన్నాడు. ఆ మాటకు అవ్వ లోపలికి పోయి మంచం పట్టీ పట్టుకుని ఏడ్చింది. ముడి వేసింది తను గదా. నాకు మాత్రం ఏడుపు రాలేదు. తలుపు వేస్తేనే ఊపిరాడని మనిషి భూమి లోపలికి ఎట్లా దిగుతాడని రాత్రంతా అదే ఆలోచన.

మర్నాడు అవ్వ కళ్లు తుడుచుకుని చిచ్చా షెడ్డుకు పోయి నిలదీసింది. "ఇగ సంచి కట్టుడు లేదు, విప్పుడు లేదు. బండితోని వచ్చిన వాల్ ఎందుకు తీసినవ్ అన్నా? చేసినోడు తెల్వకనే పెట్టిండా?" చిచ్చా గడ్డం గోక్కున్నాడు. కొత్తది తెచ్చి పెడదామని ఒప్పుకున్నాడు.

బాపు కరీంనగర్ పోయి, సామాన్ల దుకాణంలో మా బండికి సరిపోయేవి రెండు దొరికితే రెండూ పట్టుకొచ్చాడు. పనికిరానిది తిరిగి ఇచ్చే ఒప్పందం. ఒకటి పాత యుద్ధకాలపు సరుకు, దాని అంచున 160 అని చెక్కి ఉంది. ఇంకొకటి నిగనిగలాడే కొత్తది, దాని మీద 82. బాపు మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను.

"జూసినవా బిడ్డా? గిది నూట అరవై వేడికి తెరుసుకుంటది, గిది ఎనభై రెండుకే. సగం వేడికే! మన ఎండలకు గిదే గావాలె."

ఖాదర్ చిచ్చా కూడా తలూపాడు, రెంచీ తియ్యడానికి లేచాడు కూడా. చిన్న అంకె అంటే తక్కువ వేడి, ఇందులో అనుమానించడానికేముంది? ఐదో తరగతి చదివే నాకే అర్థమైంది. ఒక్క అవ్వ మాత్రం చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"గవి రెండూ ఒక్క తూకమేనా? పాత తూకమా, కొత్త తూకమా?"

సేర్లు పోయి కిలోలు వచ్చిన రోజులవి. బజారు బజారంతా లెక్క తప్పి తిరుగుతుండేది. సేరు బియ్యానికి ఎంత నీళ్లు పొయ్యాలో తెలిసిన చేతులు కిలోకు ఎంతో తెలియక అన్నం మెత్తబెట్టేవి, లేదా పలుకు మిగిల్చేవి. రాళ్లు మారినాక ఏ అంకె చెప్పినా అవ్వ ముందు అడిగే మాట అదే. ఉప్పు కొన్నా అదే, చింతపండు కొన్నా అదే. అలవాటుగా అడిగిందే గాని, ఆ మాటకు ఖాదర్ చిచ్చా లేచినవాడు లేచినట్టే మళ్లీ కూర్చున్నాడు. వేడికి కూడా రెండు తూకాలు ఉంటాయా? ముగ్గురు పెద్దవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు.

తెలిసినవాడు మా మేనమామ. చేనేత సంఘం రంగుల షెడ్డులో నూలుకు రంగులు అద్దే పని ఆయనది. చేతులు మోచేతులదాకా ఎప్పుడూ నీలంగానో ఎర్రగానో ఉండేవి, పెళ్లి పంక్తిలో కూర్చుంటే పక్కవాళ్లు ఆయన ఏ రంగు అద్దాడో విస్తరిలోని చెయ్యి చూసి చెప్పేవాళ్లు. అవ్వ కబురు పెడితే ఆదివారం బస్సెక్కి వచ్చాడు, చంకలో కర్ర పెట్టె ఒకటి. అందులో పాత ధోవతి గుడ్డలో చుట్టిన మూరెడు గాజుగొట్టం, మధ్యలో వెంట్రుకంత పాదరసం. రంగునీళ్ల వేడి చూసే థర్మామీటరు. సంఘం వాళ్లు ఇచ్చారు గాని మామ దాన్ని పెద్దగా వాడేవాడు కాదు.

"నాకు చెయ్యే లెక్క బావా. కని నీ తలకాయ పగిలేటట్టున్నది గదా, తెచ్చిన" అని నవ్వాడు.

నేను గొట్టాన్ని చేతిలోకి తీసుకుని ఎండకు ఎత్తి చూశాను. దానికి రెండు వైపులా అంకెలున్నాయి. ఎడమ పక్క సెంటిగ్రేడు వరస, కుడి పక్క ఫారన్‌హీటు వరస, రెండూ ఒకే పాదరసాన్ని చూస్తున్నా రెండూ వేరే మాట చెప్తున్నాయి. ఒకవైపు వంద ఉన్న చోట రెండోవైపు రెండు వందల పన్నెండు. నా వేలు మెల్లగా కిందికి దించుకుంటూ వచ్చి ఎనభై రెండు దగ్గర ఆపి, అవతలి వైపు చూశాను. నూట ఎనభై! సగం వేడి అనుకున్నది నూట అరవై కంటే ఇంకా ఎక్కువ వేడి. అవ్వా అని నేను వేసిన కేకకు పక్కింటి కోళ్లు కూడా ఎగిరిపోయాయి.

అంత మాత్రాన నమ్మేస్తారా? వాకిట్లో పొయ్యి రాజేశారు. జొన్నగటక వండే కుండను తోమి, నీళ్లు పోసి, రెండు వాల్‌లనూ దారాలతో ఒక కట్టెకు వేలాడదీసి, కుండ అడుగు తగలకుండా నీళ్లలోకి దించారు. మామ గొట్టం పట్టుకున్నాడు, నేను పలకా బలపం పట్టుకుని అంకెలు చదివి రాశాను, బాపూ చిచ్చా గొంతుక్కూర్చుని కుండలోకి తొంగిచూస్తున్నారు. కుండ గోడలకు ఆవగింజల్లా చిన్న బుడగలు అంటుకుంటున్న వేళకు పాత వాల్ మెల్లగా నోరు తెరిచింది. నూట అరవై, అచ్చం చెక్కినట్టే. అది పూర్తిగా తెరుచుకునేసరికి నూట ఎనభై అయింది. అప్పుడు, నీళ్లు సన్నగా రాగం తీస్తుండగా, కొత్తది కదలడం మొదలుపెట్టింది. అది పూర్తిగా తెరుచుకునేసరికి గొట్టంలో పాదరసం రెండు వందలకు వచ్చింది. ఇంకొక పన్నెండు గడిస్తే నీళ్లు తెర్లుతాయి. ప్రాణం లేని ఇత్తడి ముక్క తనంతట తాను నోరు తెరవడం నేను చూడడం అదే మొదలు. మళ్లీ చల్లార్చి, మళ్లీ కాచి, మూడుసార్లు చూపించమని మారాం చేశాను.

అప్పుడు పంచాయితీ మొదలైంది. వేడి ఇంజనే శుభ్రంగా నడుస్తుందని, చలికాలానికి ఎనభై రెండే మంచిదని చిచ్చా ఒకసారి అన్నాడు, అతుకు గుర్తుకొచ్చి తానే వెనక్కి తగ్గాడు. వాల్ వేడిని తగ్గించదని, తెరిచాక నీళ్లను చల్లార్చేది జాలీ, గాలీ మాత్రమేనని, మండుటెండలో రెండింట్లో ఏదైనా పూర్తిగా తెరిచే ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు. ఆ మాట ఎంత సరైనదో తర్వాత సైన్సు చదువుకున్నాక గాని నాకు తెలియలేదు. చివరికి నా పలక మీది అంకెలు చదివించుకుని బాపు తేల్చాడు. "తల పగిలిన బండి. నీళ్లు ఉడికే దాక తలుపు తెరవనిది నాకొద్దు. గీ నూట అరవయ్యే పెట్టు." కొత్తది దుకాణానికి తిరిగిపోయింది. థర్మామీటరు మాత్రం, మళ్లీ అడిగేదాకా ఉంచుకోమని, మామ నా చేతికి ఇచ్చి పోయాడు.

మిగిలిన చలికాలం లారీ పెళ్లికొడుకులా నడిచింది. సంచి లేదు, దగ్గు లేదు, నల్లపొగ లేదు. కాని అసలు పరీక్ష ఎండాకాలంలో గుట్ట మీద అని అందరికీ తెలుసు. బడికి సెలవులిచ్చారు. ఒక పొద్దున, ఉప్పు బస్తాల బండిలో బాపు నన్ను కూడా ఎక్కించుకున్నాడు. ఆ గొట్టం మీది సన్న గీతలు తనకు కనబడవట, నేను చదవాలట. బయలుదేరే ముందు చిచ్చా హద్దు చెప్పాడు. రెండు వందల లోపు ఉంటే పోవచ్చు, దాటితే ఆపి చల్లార్చాలి. బాపు దానికి ఇంకొక మాట కలిపాడు, నాతో కాదు, అవ్వతో. "రెండు వందలు దాటితే గీ బండి ఇగ గుట్ట ఎక్కది. సోమారం పోయి బాయిల పేరిస్త."

ఆసిఫాబాద్ దాటాక ఎండ నిప్పులు చెరిగింది. ఆకులు రాలిన టేకు చెట్లు, రోడ్డు మీద తేలాడే ఎండమావులు, తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని పోయే గోండు ఆడవాళ్లు. గుట్ట మొదలవగానే బాపు గేరు తగ్గించాడు. మొదటి మలుపులో ఆపి, తడిగోనె పట్టుకుని జాలీ మీది మూత తీశాడు. నేను బంపరు మీద నిలబడి, గొట్టాన్ని దారంతో దించి చదివాను. నూట ఎనభై ఎనిమిది. రెండో మలుపు నిటారుగా ఉంటుంది. అక్కడ ఆపేసరికి వేడిగాలి మొహానికి కొట్టింది, బాపు మూత తీశాడు. గొట్టం దించాను.

"ఎంతుంది బిడ్డా?"

పాదరసం రెండు వందల ఆరు దగ్గర నిలబడి ఉంది. నేను దాన్ని చూశాను. బాపును చూశాను. బాయి నోరు, వాకిట్లో మంచం, మంచం పట్టీ పట్టుకుని ఏడ్చిన అవ్వ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"నూట తొంభై ఎనిమిది" అన్నాను.

బాపు నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. మూత పెట్టలేదు. "జర ఎండ తగ్గనీ" అని ఇప్పచెట్టు నీడకు నడిచాడు. మూట విప్పి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం నాకు పెట్టాడు, తాను తినలేదు. బీడీ మీద బీడీ కాల్చాడు. ఎండ తగ్గలేదు, నడినెత్తికి వచ్చింది. ఒక గంట గడిచాక నన్ను మళ్లీ చదవమన్నాడు. నూట డెబ్బై. ఈసారి నిజమే చెప్పాను. బండి గుట్ట ఎక్కింది, ఉప్పు దింపింది, కర్ర వేసుకుని దిగింది. సోమవారం బాపు బాయి ఆఫీసుకు పోలేదు, నూట అరవై వాల్ మంచిదని బజారంతా చెప్పుకుంటూ తిరిగాడు. ఆ లారీ ఇంకా చాలా ఏళ్లు నడిచింది, ఇంజను మళ్లీ ఉడకలేదు. బాపు చచ్చేదాకా బాయి దిగలేదు.

నా అబద్ధమే బాపును కాపాడిందని నేను లోలోపల ఎంత గర్వపడ్డానో చెప్పలేను. బడిలో సైన్సు టీచరునయ్యాక ఒకనాడు నీళ్ల మరుగు పాఠం చెప్తూ, ఆ అంకెలు ఊరికే బోర్డు మీద రాశాను. 198. 200. 206. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. నూట తొంభై ఎనిమిదే అయితే ఆగవలసిన పనే లేదు గదా. చిచ్చా లెక్క ప్రకారం మూత పెట్టుకుని పోవచ్చు. మరి మూత తీసిన బండి పక్కన, నడిమధ్యాహ్నం, గంటసేపు బాపు ఎందుకు కూర్చున్నాడు? నేను అబద్ధం చెప్పింది నిమిషం. ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికి గంటసేపు ఆ చెట్టు కింద కూర్చున్నది బాపు. ఎవరి గుట్టు వాళ్లు దాచుకుని ఇద్దరం ఇల్లు చేరాం. ఆ సంగతి అడగాలని అనిపించేసరికి అడగడానికి బాపు లేడు, చిచ్చా షెడ్డు లేదు, మామ రంగుల షెడ్డు కూడా మూతబడింది.

ఇప్పుడు ఆ గుట్ట దారిని తొలిచి వెడల్పు చేశారు, రెండో మలుపు ఎక్కడుండేదో నాకే ఆనవాలు దొరకదు. లారీలో ఇంజను వేడి డ్రైవరు కళ్లెదుటే ముల్లు తిరిగి చూపిస్తుంది, హద్దు దాటితే అదే కూత పెడుతుంది. ఎంతుంది బిడ్డా అని ఎవరినీ అడగనక్కరలేదు. బాపు గొంతులో ఆ మాట ఇంకొక్కసారి వినాలని ఉంది. ఈసారి ఉన్నదున్నట్టు రెండు వందల ఆరు అని చెప్పి, ఆయన పక్కనే ఆ గంటసేపూ కూర్చుంటాను.